పేరు చెప్పని పెండ్లికూతురు

పోయిన వారం చిక్కబళ్ళాపుర స్టేషన్లో బెంగళూరు బండి కోసం కూచుని చక్కిలాలు నములుతున్నాను. పైన మైకులో ఒకావిడ ఇంగ్లీషులో, ప్రయాణికులారా దయచేసి వినండి అని మొదలుపెట్టింది. నేను తలెత్తి మైకు వైపు చూసి, "ఆఁ, చెప్పమ్మా, ఇంటాండాం" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దాయన నన్ను ఒకసారి, మైకును ఒకసారి చూసి, తన సంచి తీసి అవతలి పక్కన పెట్టుకున్నాడు.

నాకు నవ్వాగలేదు. చక్కిలం పొరబోయింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ పెద్దాయన పేపరు మడిచి వేరే బెంచీకి పోయాడు. ఏం చెప్పను ఆయనకు? ఇది పిచ్చి కాదప్పా, అంటుకున్న అలవాటు, అంటించిన మనిషి వేరే ఉందని చెప్పనా? ఆమె పేరు ఇక్కడ రాయను. పేర్ల విషయంలో ఆమెకు పట్టింపులెక్కువ. ఎంత ఎక్కువో చెప్పడానికే ఇదంతా.

చింతామణిలో విత్తనాల అంగడి పైన ఒక గది నాది. పాసుపోర్టు అర్జీలు, కాలేజీ అర్జీలు, రకరకాల పరీక్షలకు కంప్యూటర్లో పేర్లు నమోదు చేయడం నా పని. సాయంత్రం పూట నర్సింగు చదివే పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పిస్తాను. నాకు ఓపిక తక్కువ, గొంతు ఎక్కువ. మా పిల్లలు వెనకాల నన్ను మిరపకాయ మేడం అంటారని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద ముందు మరువం వాసన వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. చేతిలో పూలబుట్ట, పచ్చగా మరకలు పడిన వేళ్ళు, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఆమెను ఎరగని ఇల్లు మా పక్క లేదు. గుడిలో సేవ చేసే కుటుంబం. నాన్న ఉన్నన్నాళ్ళు కైవారంలో దేవునికి మాలలు కట్టింది. ఆయన పోయాక చింతామణిలో తమ్ముడింట్లో ఉంటూ పెండ్లిళ్ళకు పూలజడలు కుట్టేది. నా పెండ్లికి జడ కుట్టిందీ ఆమే. జడ కుడుతూ, "మెడ నిలుపుకో పాపా, మొగుడు యాడికీ పోడులే" అని నా నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది.

"ఇంగ్లీషు పరీక్షకు పేరు రాపిచ్చాలమ్మా" అంది.

"మేనకోడలికా అక్కా?"

"దానికేం, కాన్వెంటులో చదివింది. నాకు."

"నీకా!"

"నాకే. పెండ్లయింది కదా నాకు" అంది, ఏదో మొన్న పండ్లు కొన్నాను అన్నంత తేలిగ్గా. అని, గది అంతా మోగేటట్టు నవ్వింది. ఆమె నవ్వితే కొంగు అడ్డం పెట్టుకోవడం లాంటివి ఉండవు. కింద విత్తనాల అంగడిలో తూకం వేసే మనిషి కూడా తలెత్తి చూడాల్సిందే.

గుసగుసలు నేనూ విన్నాను గానీ నమ్మలేదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి పెండ్లేమిటి అని ఊరంతా అన్నట్టే నేనూ అనుకున్నాను. నిజంగానే అయింది. వరుడు బాగేపల్లి పక్క మనిషి, యాభై దాటినవాడు, భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఇంగ్లండులో ఒక ఊర్లో గుడి వంటశాలలో వంట చేస్తాడు. చుట్టాల పెండ్లికి వచ్చి, ఊరికే కూచోలేక వంటవాళ్ళ దగ్గరికి పోయి చారు రుచి చూస్తుంటే, ముందు వాకిట్లో ఈమె నవ్వు వినిపించిందట. గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూశాడట ఎవరా అని. అంతే. పది మంది మధ్యలో గుడిలో తాళి కట్టాడు, హోటల్లో భోంచేశారు, వారం తిరక్కుండా సెలవైపోయి విమానమెక్కాడు.

ఇప్పుడు ఆమె అక్కడికి పోవాలి. పోవాలంటే వీసా కావాలి. భార్యగా వీసా కావాలంటే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలదని, చెప్తే అర్థం చేసుకోగలదని ఒక పరీక్ష పాసవ్వాలి.

"ఫెయిలైతే మళ్ళీ రాయొచ్చులే అక్కా" అన్నాను, ధైర్యం చెబుదామని.

"రాయను. ఒక్కసారే" అంది. నవ్వు మాయమైంది. "మా మరదలు అప్పుడే అంటాండాది, రాసిపెట్టి ఉంటే పాతికేళ్ళకే అయ్యుండేది, ఇప్పుడు సుమ్నే ఊరికే ఎందుకు నవ్వులపాలు అని. తప్పితే దేవుడూ వద్దన్నట్టే. మళ్ళీ పూలబుట్ట పట్టుకోని ఊరోళ్ళ పెండ్లికూతుర్లకు జడలు కుట్టుకుంటా ఉంటా. పెండ్లయిందో లేదో నాకే తెలీకుండా పోతాది."

వెంటనే కంప్యూటరు ముందుకు లాక్కుని, "పాసుపోర్టు ఇట్లియ్యి" అని కసురుకున్నాను. నాకు జాలి వేస్తే కసురుతాను, అదొక రోగం.

పేరు నమోదు చేయడానికి మామూలుగా అరగంట. ఆమెతో ఒక పూట పట్టింది. ఇంటిపేరు వేరుగా, సొంత పేరు వేరుగా రాయమంటుంది కంప్యూటరు. పాసుపోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మా పక్క అందరికీ అంతే, ముందర రెండు అక్షరాలు తప్ప ఇంటిపేరు ఎవరు రాస్తారు? పాసుపోర్టులో ఎట్లుంటే అట్లే, ఒక్క అక్షరం తేడా రాకూడదు, వస్తే పరీక్ష గది గడప దాటనివ్వరు అని చెప్పాను. "అంత పట్టింపా వాళ్ళకు? మంచిదే, సంప్రదాయం తెలిసినోళ్ళు" అని మెచ్చుకుంది.

తర్వాత, మీ మాతృభాష ఏది అని ఒక ప్రశ్న.

"ఒకటే చెప్పాల్నా?"

"ఒకటే."

"తెలుగులో మాట్లాడతా, కన్నడంలో చదువుతా, సంస్కృతంలో దేవునికి మొక్కుతా. కోపమొస్తే మూడూ కలుస్తాయి. అట్ల రాసుకోలేరా?"

"రాసుకోలేరక్కా, గడి చిన్నది."

"పాపం" అంది, ఆ గడి మీద నిజంగానే జాలిపడుతూ.

పరీక్ష ఎట్లుంటుందో చెప్పాను. రాసేది లేదు, మాట్లాడడం, వినడం అంతే. పరీక్ష పెట్టే మనిషి ఒకరు, పరీక్షకు వచ్చినవాళ్ళు ఇద్దరు జంటగా కూచుంటారు, ఎదురుగా కెమెరా ఉంటుంది. మీ ఊరేది, మీ ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తింటారు, ఇట్లాంటివి అడుగుతారు. ఒకర్నొకరు కూడా ప్రశ్నలు అడుక్కోవాలి. మధ్యలో ఒక రికార్డు వేస్తారు, అది విని ఏం విన్నావో చెప్పాలి. వచ్చేది పాసా ఫెయిలా, మార్కులుండవు.

ఆమె పూలు కట్టడం ఆపి విన్నది. విని, తొడ మీద చరుచుకుంది.

"ఓసినీ! ఇది పెండ్లిచూపులు కదే!"

"ఏంది?"

"పిల్లను మాట్లాడిస్తారు, నత్తి ఉండాదేమోనని. వెనకనుండి పిలుస్తారు, చెవుడుందేమోనని. మార్కులు ఎవరిస్తారు? నచ్చితే నచ్చిందంటారు, లేకుంటే ఇంటికి పోయి కబురు చేస్తామంటారు. నాకు ఇట్లాంటివి ఎన్ని అయినాయో! ఇంతవరకు మనుషులు చూసి పోయినారు. ఇప్పుడొక దేశం చూసుకోను వస్తాండాది."

ఇన్నేళ్ళుగా ఈ పరీక్ష గురించి ఎంతమందికో చెప్పాను, ఇంత తేలిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు లేరు. ఆ తర్వాత నేను కొత్తవాళ్ళకు చెప్పేటప్పుడు ఆ మాటే చెప్తున్నాను.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. కుర్చీ వేస్తే కూచోదు. కింద చాప మీద కూచుని, దారం కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, మల్లెలో కనకాంబరాలో కడుతూ ఇంగ్లీషు మాట్లాడుతుంది. "కుర్చీలో కూచుంటే బొటనేలికి పని ల్యా. దానికి పని ల్యాకుంటే నోరు పెగల్దు" అని ఆమె వాదన. నర్సింగు పిల్లలు కుర్చీల్లో, ఆమె చాప మీద. వారం గడిచేసరికి నర్సింగు పిల్లలూ చాప మీదికి దిగిపోయారు. క్లాసు అయ్యేసరికి ప్రతి పిల్ల తలలో మూరెడు పూలు. ఇంగ్లీషు ఎంత వచ్చిందో గానీ మా గది మాత్రం పెండ్లి విడిది మాదిరి అయిపోయింది.

రికార్డు వేస్తే ఇంకో తమాషా. బండి రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది అని రికార్డులో గొంతు చెప్తే, నేను ఎన్నో ప్లాట్‌ఫారం అని అడగక ముందే ఆమె ఆ గొంతుకు బదులు చెప్పేది. "ఆఁ, చెప్పమ్మా, ఇంటాండాం. ఓకే. థ్యాంక్యూ." దుకాణం ఐదు గంటలకు మూసేస్తాం అని ఒక రికార్డు. "అంత తొందరగానా? పాపం ఇంటికి పోవాలేమో" అని సానుభూతి.

"అక్కా, అది రికార్డు. దానికి చెవుల్లేవు."

"ఉండనీలే. ఒక మనిషి మాట్లాడతాంటే మూగిదాని మాదిరి కూచుంటామా?"

ఏ జవాబైనా చివర ఒక పిలుపు ఉండాల్సిందే. మీ ఊరెక్కడ? "మై ఊర్ చింతామణి. ప్లీజ్ కమ్." ఏం తింటారు? "రాగి ముద్ద. ప్లీజ్ కమ్ అండ్ ఈట్." పిల్లలున్నారా? ఈ ప్రశ్న నేను కొంచెం జంకుతూనే అడిగాను. ఆమె దారం ముడి వేసి, పంటితో తెంపి, "మెనీ. ఆల్ పెండ్లికూతుర్స్" అంది. దాన్ని నేను దిద్దలేదు. ఏమని దిద్దను?

మొత్తానికి బాగానే సాగుతోందని అనుకున్నాను. పరీక్ష ఇంకో పదిహేను రోజులుందనగా ఒక సాయంత్రం, మామూలుగా అడిగాను, "వాట్ ఈజ్ యువర్ హస్బెండ్స్ నేమ్?"

పూలు కట్టే చేతులు ఆగిపోయాయి.

అర్థం కాలేదేమోనని తెలుగులో అడిగాను. "మీ ఆయన పేరేమి అక్కా?"

ఆమె ముఖం కుంకుమ రంగుకు తిరిగింది. నర్సింగు పిల్లలు కిసుక్కుమన్నారు. "హిజ్ నేమ్ ఈజ్... హిమ్" అంది, ఎటో చూస్తూ.

మొగుని పేరు నోటితో పలకదట! మా అమ్మమ్మ కాలంలో ఉండేదది. నేనైతే మా ఆయన్ని వీధి చివరి నుంచి పేరు పెట్టి కేకేస్తాను, ఆయన పలక్కపోతే ఇంటిపేరు కూడా కలుపుతాను. ఈమె మాత్రం పెండ్లయిన దినం నుంచి ఆ పేరు ఎత్తలేదు. ఆయనది దేవుని పేరు కావడంతో ఇంకా చిక్కొచ్చింది. పొద్దున పూజలో ఆ నామం వచ్చినప్పుడు నోరు మూసుకుని "ఊఁ" అని, తర్వాతి నామం అందుకుంటుందట. "దేవుని పేరే మింగేస్తాంది" అని తమ్ముడు నా దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నాడు.

"అక్కా, ఇది మొగుని దగ్గరికి పోయే పరీక్ష. అందరూ అట్లా పోయేవాళ్ళే. మొగుని పేరు అడక్కుండా ఇంకేం అడుగుతారు?" అని అరిచాను.

"రాసిస్తా."

"రాసేది లేదని చెప్పినా కదా!"

"పక్కనుండే పిల్లతో చెప్పిస్తా."

"ఆ పిల్లకెట్ల తెలుస్తుంది నీ మొగుని పేరు!"

"మరి నువ్వే ఏదో ఒకటి చెప్పు, చదివినదానివి."

నాకు తిక్క రేగింది. "ఏదో ఒక పేరు చెప్పు పో! వాళ్ళు చూసేది నీ మాట, నీ మొగుని జాతకం కాదు. నోటికొచ్చిన మగవాడి పేరు ఏదైనా చెప్పి కూచో."

ఆమె లేచి నిలబడింది. బొటనవేలికి చుట్టిన దారం తెగి మల్లెలన్నీ చాప మీద పడ్డాయి.

"పరాయి మగోని పేరు నా మొగుడని చెప్పల్నా? సర్కారు గదిలో? కెమెరా ముందర? నీకేమైనా మతి ఉండాదా మేడమ్మా!"

మిరపకాయ మేడం నోరు మూతపడడం మా పిల్లలు అదే మొదటిసారి చూడడం. నేను కూడా చాప మీద కూలబడి ఆ మల్లెలు ఏరుతూ నవ్వడం మొదలుపెట్టాను. ఆమె కొంచెం సేపు కోపంగా చూసి, తర్వాత ఆమే మొదలుపెట్టింది. కింద అంగడాయన పైకొచ్చి ఏమైందమ్మా అని అడిగే వరకు నవ్వాము.

నవ్వు తగ్గాక మెల్లగా అడిగాను. "అసలు ఒక్కసారి కూడా చెప్పలేదా అక్కా? వాకిట్లో కూడా?"

మా పక్క కొత్త దంపతులు ఇల్లు చేరితే ఆడబిడ్డలు వాకిలికి అడ్డం నిలబడతారు. మొగుని పేరు చెప్తే గానీ లోపలికి వదలరు. ఊరికే చెప్పకూడదు, ఒక పాటలోనో పద్యంలోనో ఇరికించి చెప్పాలి. ఎంత కట్టుబాటు గల ఇంటి పిల్లైనా ఆ ఒక్కసారి మొగుని పేరు పలకొచ్చు. పిల్లలకు పద్యం తోచక బిక్కముఖం వేస్తే, వాళ్ళ చెవిలో అప్పటికప్పుడు అల్లి చెప్పేది ఈమే. నాకు చెప్పింది నాకింకా గుర్తు. "చింతామణి సంతలో చీనీపండ్లు కొంటి, ఫలానా వారి పక్కన పీట మీద కూచుంటి." ఆ ఫలానా దగ్గర మా ఆయన పేరు. ఆయన అప్పుడు చీనీపండు మాదిరే గుండ్రంగా ఉండేవాడు కూడా.

"నాకెవరు అడ్డం నిలబడినారు?" అంది. "వాళ్ళకు అక్కాచెల్లెండ్లు ల్యారు. ఇల్లు ఈడ ల్యా. గుడి నుండి హోటలు, హోటలు నుండి మా తమ్ముడిల్లు. వాకిలి దాటిందే ల్యా, ఇంగ చెప్పేదెప్పుడు?" వాళ్ళు అంటే ఆయనే. ఆమె భాషలో ఆయనొక్కడే వాళ్ళు.

అని, మళ్ళీ పూలు చేతిలోకి తీసుకుంది. ఊర్లో అందరి చెవుల్లోనూ పద్యం ఊదిన మనిషికి ఊదడానికి ఎవరూ లేకపోయారని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పరీక్ష దినం చిక్కబళ్ళాపుర దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి బండెక్కి బెంగళూరు చేరాము. దారి పొడుగునా నేను ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను, ఆమె జవాబులు చెప్తూనే ఉంది. మొగుని పేరు జోలికి మాత్రం నేను పోలేదు. అడగరులే, ఎందుకడుగుతారు, ఊరి గురించి అడుగుతారు, ముద్ద గురించి అడుగుతారు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె మాత్రం కిటికీ పక్కన కూచుని, ఎదురు సీటులో ఒక పసిబిడ్డకు "ప్లీజ్ కమ్" నేర్పిస్తోంది.

పరీక్ష జరిగే చోట లోపలికి పాసుపోర్టు తప్ప ఏమీ తీసుకుపోకూడదు. గడియారం, ఫోను, సంచి, అన్నీ బయటే. గేటు దగ్గర మనిషి ఆమె రవిక చేతి మడతలోంచి దారపు ఉండ, కొంగు ముడిలోంచి నాలుగు మల్లెమొగ్గలు తీయించాడు. బొటనవేలికి పని లేకుంటే నోరు రాదని నాకు తెలుసు కదా. ఆమె ఒట్టి చేతులతో లోపలికి పోయింది. పోతూ గేటు మనిషిని, "ప్లీజ్ కమ్ చింతామణి" అని పిలిచి మరీ పోయింది.

ఎదురుగా టీ అంగడిలో కూచుని నేను తాగిన టీలకు లెక్కలేదు. మొక్కని దేవుడు లేడు. నా సొంత పరీక్షలకు కూడా అంత భయపడలేదు.

చివరికి గేటు తెరుచుకుంది. ఆమె ఒక చిన్నపిల్ల చేయి పట్టుకుని బయటికి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి ఆ పిల్లకు, కొడగు నుంచి వచ్చిన కొత్త పెండ్లికూతురట. ఇద్దర్నీ జంటగా కూచోబెట్టారు. ఇద్దరూ నవ్వలేక నవ్వలేక ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"ఏమైంది? ఏమడిగినారు?" అని నేను రోడ్డు అడ్డంగా పరిగెత్తాను. ఆటో అతను నన్ను కన్నడంలో ఏదో దీవించాడు.

ఆ పిల్లే చెప్పింది, కన్నడంలో, మధ్య మధ్య కళ్ళు తుడుచుకుంటూ. మొదట పిల్లకు వణుకు పుట్టిందట. ఈమె బల్ల కింద దాని చేయి పట్టుకుందట. రికార్డు వేస్తే, చెప్పమ్మా ఇంటాండాం అని రికార్డుకు బదులిచ్చిందట. పరీక్ష పెట్టే ఆవిడ పెదవి కొరుక్కుందట. తర్వాత ఒకర్నొకరు కుటుంబం గురించి ప్రశ్నలు అడుక్కోండి అన్నారు. పిల్లకు ఏమీ తోచలేదు. తోచిన ఒకే ఒక్క ప్రశ్న అడిగేసింది.

"ఏమని?" అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

"మీ భర్త పేరేమిటి అని."

పరీక్షావిడ కలం పట్టుకుని చూస్తోందట. గోడ మీద గడియారం నడుస్తోంది. బల్ల కింద ఈమె వేళ్ళు ఊరికే కదులుతున్నాయి, పువ్వు పక్కన పువ్వు పెట్టి ముడి వేస్తున్నట్టు. చాలాసేపు అట్లా కదిలాయట. పిల్లకు ఏడుపొచ్చింది, తన ప్రశ్న వల్లే ఆంటీ ఫెయిలవుతుందని. అప్పుడు ఈమె కుర్చీలో నిటారుగా కూచుని, కొంగు భుజం నిండా కప్పుకుని, కళ్ళు దించుకుని, రాగం తీసి ఇంగ్లీషులో పద్యం చెప్పిందట.

"వన్ టూ త్రీ ఫోర్,
ఐ కమ్ టు ద డోర్,
ఫలానా ఈజ్ మై హస్బెండ్,
ప్లీజ్ ఆస్క్ నో మోర్."

ఆ ఫలానా దగ్గర ఏ పేరుందో పిల్ల నాకు చెప్పబోయింది. ఈమె దాని నోరు మూసేసింది.

"పరీక్షావిడ ఏమంది?" అని ఆ పిల్లను కుదిపాను.

"ఇంకోసారి చెప్తారా అని అడిగింది."

"నువ్వేమన్నావక్కా?"

ఆమె అప్పుడు నోరు తెరిచింది. "నో అన్నా. వన్స్ ఓన్లీ."

"పరీక్ష పెట్టే మనిషికి నో అన్నావా!" టీ అంగడి మొత్తం మా వైపు తిరిగింది. "జన్మలో ఒక్కసారైనా ఎవరికైనా నో అన్నావా నువ్వు? వద్దనలేక ఇష్టం లేని కాఫీ కూడా తాగుతావు! అనక అనక ఆమెకే అనాల్నా!"

"రెండోసారి ఎట్ల చెప్తారే, వాకిట్లో ఒక్కసారే కదా" అంది, నాకే బుద్ధి లేదన్నట్టు.

ఫలితం వచ్చేదాకా నాకు నిద్రా లేదు, తిండీ లేదు. ఆమె మాత్రం మామూలుగానే బుట్టతో వచ్చి చాప మీద కూచునేది. మరదలు మా గది దాకా వచ్చి, "ఏమైందమ్మా మా పెండ్లికూతురి పరీక్ష?" అని మూతి తిప్పి పోయింది. ఆ మాట ఆమె వినింది. చేతిలో మాల కట్టడం ఆపలేదు గానీ, ఆ పూట కట్టిన మాలలో ముడులు వదులయ్యాయి. ఆమె ముడి వదులవడం ఎన్నడూ చూడలేదు నేను.

ఫలితం వచ్చిన దినం నర్సింగు పిల్లలంతా నా కుర్చీ వెనక గుంపు కట్టారు. నేను నొక్కాను. పాస్.

ఆ తర్వాత ఒక అయిదు నిమిషాలు ఏం జరిగిందో సరిగా చెప్పలేను. ఎవరో అరిచారు, అది నేనే అనుకుంటాను. పిల్లలు బుట్టలో పూలన్నీ తీసి ఆమె మీద పోశారు. ఆమె మధ్యలో నిలబడి, కుంకుమ చెమటకు కారి ముక్కు దాకా వచ్చి, "నచ్చినానంట! నచ్చినానంట! ఒక దేశానికి నచ్చినానంట!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. విత్తనాల అంగడాయన గుమ్మం దగ్గర చేతులు జోడించుకుని నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

"ఫోన్ చెయ్యి అక్కా, చెప్పు ఆయనకు" అన్నాను.

ఫోన్ నా బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. అక్కడ పొద్దున. వంటశాలలో ఉన్నట్టున్నాడు, గరిటె చప్పుడు, తాలింపు చిటపట వినిపిస్తున్నాయి.

"పాసయినా" అంది.

అవతల ఆయన నవ్విన నవ్వు ఈమె నవ్వుకు ఏమీ తీసిపోదు. "ఏమేమి అడిగినారు?"

"అన్నీ. ఊరు, ఇల్లు, తిండి. పేరు గూడా."

"నీ పేరా?"

"మీ పేరు."

గరిటె చప్పుడు ఆగిపోయింది. తాలింపు ఒక్కటే చిటపటలాడుతోంది, మాడిపోతోందని ఇక్కడికే తెలుస్తోంది.

"చెప్పినావా?"

"చెప్పకుంటే పాసెట్లయితా?"

"నీ నోటితోనా? అయ్యో, ఎవరో ఆయమ్మకు చెప్పినావు, నేను ఇంతవరకు ఇననే ల్యా గదే! ఒక్కసారి చెప్పు. ఇప్పుడే. ఈడ ఎవురూ ల్యారు."

ఇక్కడ మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాము. ఆమె మా ముఖాలు చూసి, ఫోను వైపు వంగి, చెవి దాకా ఎర్రబడి, తల అడ్డంగా ఊపింది. ఆయనకు కనబడదని తోచి అప్పుడు మాట్లాడింది.

"ఫోన్లో చెప్పేది కాదది. మీ ఇంటికి వాకిలి ఉండాది కదా?"

"ఉండాది."

"నేనొచ్చే దినం దానికి అడ్డం నిలబడుకోండి. అడగండి. చెప్పేదాకా లోపలికి వదలద్దండి."

"ఈడ మంచు పడతాండాదే! ఆ చలిలో నిన్ను బయట నిలబెట్టల్నా?"

"నిలబెట్టండి" అంది. "పెండ్లికూతుర్ని నేను."